నూటెనిమిది గోవిందల సీసా

పశువైద్యంలో కొత్తగా ఉద్యోగం వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు తిరుపతిలో మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగి, కుర్చీ అంచున కూర్చుని, "సార్, మీ అనుభవాలు చెప్పండి" అంటారు. ఏ ఊళ్లో ఎన్నేళ్లు పనిచేశానో, ఎప్పుడు ఏ మెట్టు ఎక్కానో మొదలుపెడితే వాళ్ల చూపులు గోడ గడియారం మీదికి పోతాయి. వాళ్ల తప్పేం లేదు. నాకూ వాటి మీద ప్రేమ లేదు. అవన్నీ ఆఫీసు బీరువాల్లో ఉంటాయి, చెదలు దయతలిచి వదిలిపెట్టి ఉంటే.

బీరువాల్లో లేనిది ఒకటి రాస్తున్నాను. నా చేతుల్లో చచ్చిపోయిన ఒక ఆవు గురించి, ఆ చావు తన పాపమే అనుకుని కుమిలిపోయిన ఒక ఇల్లాలి గురించి, కాదమ్మా అది నా తప్పు అని ఆమెతో అనడానికి నాకు పట్టిన తొమ్మిదేళ్ల గురించి. ఇందులో ఏసుదాసు అని ఒక కాంపౌండరు వస్తాడు. నిజానికి ఆయన కోసమే ఇది రాయడం. ఈ వయసులో నాకు పోయినవాళ్లలో ఎవరినైనా ఒక్కసారి చూడాలని ఉందంటే, మా నాయన తర్వాత ఆయన్నే.

కొండ కింద పుట్టినవాణ్ని

నేను తిరుపతిలో పుట్టి తిరుపతిలోనే చదువుకున్నాను. కొండ కింద పుట్టినవాడికి గోవింద నామం బస్సు హారను లాంటిది. పొద్దున లేచింది మొదలు చెవిన పడుతూనే ఉంటుంది, ఒక్కసారి కూడా వినబడదు. మా అమ్మ వాకిట్లో నిలబడి కొండకు దండం పెట్టుకునేటప్పుడు నేను పక్కనే అరుగు మీద పరీక్షకు బట్టీ పట్టేవాణ్ని. ఆవు ఒంట్లో ఏ ఎముక ఎక్కడుందో, ఏ ఖనిజం తగ్గితే ఏ జబ్బు వస్తుందో నేర్చుకున్నాక, లోకంలో ఇక నాకు తెలియనిది పెద్దగా లేదని గట్టి నమ్మకం కుదిరింది. ఆ నమ్మకంతోనే డెబ్బైల మధ్యలో మొదటి ఉద్యోగంలో చేరాను.

పూతలపట్టు నుంచి చిత్తూరుకు పోయే దోవలో, రోడ్డు దిగి కొంత దూరం లోపలికి పోతే వచ్చే ఊరు. పేరు రాయను. రెండు గదుల ఆస్పత్రి, పశువును నిలబెట్టి కట్టే కొయ్య చట్రం, ఒక సైకిలు, ఒక ఏసుదాసు. ఆస్తి అంతే.

అప్పుడప్పుడే ఆ పల్లెల్లోకి జెర్సీ ఆవులు వస్తున్నాయి. నాటావు చెంబు నింపితే ఇవి బిందె నింపేవి. వాటితోపాటు ఆ ఊళ్లకు అంతగా తెలియని జబ్బు కూడా వచ్చింది. పాలజ్వరం అంటారు. పేరుకే జ్వరం, నిజానికి ఒళ్లు చల్లబడిపోతుంది. ఈనిన రెండు మూడు రోజుల్లో ఒంట్లో ఉన్న కాల్షియం అంతా పాలలోకి పోయి, ఆవు కూలబడుతుంది. చెవులు చల్లగా, ముట్టె ఎండిపోయి, తల డొక్క మీదికి తిప్పుకుని పడుకుంటుంది. చూసినవాళ్లు ఆశ వదులుకుంటారు. అప్పుడు మెడ నరంలోకి ఒక సీసా కాల్షియం ఎక్కిస్తే, ఒళ్లంతా సన్నగా వణికి, ముట్టె మీద చెమట పట్టి, పేడ వేసి, లేచి నిలబడుతుంది. దూడ కోసం అరుస్తుంది కూడా. చదువుకున్న నాకే మొదటిసారి ఒళ్లు గగుర్పొడిచింది. పల్లె జనానికి ఎలా ఉండేదో ఊహించుకోండి.

చింతగింజల సంచి

ఏసుదాసు నాకంటే పాతికేళ్లు పెద్ద. పొడుగ్గా, కొంచెం వంగి, మోకాళ్ల దాకా ఖాకీ నిక్కరు. ఆదివారం పొద్దున చర్చికి పోయేవాడు, మిగతా ఆరు రోజులూ ఆవుల వెంట తిరిగేవాడు. నేను ఆయన్ను పేరు పెట్టి పిలిచేవాణ్ని. ఊరంతా ఏసుదాసన్న అంటుండేది, నేను మాత్రం డాక్టరును కదా.

పాలజ్వరం కేసు వస్తే ఆయనకొక పద్ధతి ఉండేది. ముందు సీసాను గోరువెచ్చని నీళ్లలో పెట్టించేవాడు. నేను సూది వేశాక, ఒక చేత్తో సీసా పట్టుకుని, రెండో చేయి ఆవు ఎడమ రొమ్ము మీద ఆనించేవాడు. అంతకు ముందే మందుల పెట్టెలోంచి చిన్న గుడ్డసంచి తీసి ఇంటి ఇల్లాలికి ఇచ్చేవాడు. అందులో నూటెనిమిది చింతగింజలు. "గోవిందా" అని ఆయన అంటే ఇంటివాళ్లంతా "గోవిందా" అనాలి. ఒక్కో గోవిందకు ఆమె ఒక్కో గింజ తీసి చేటలో వేయాలి. ఊపిరి పీల్చుకుని, నిదానంగా, మళ్లీ గోవిందా. గింజలు అయిపోయేసరికి సీసా ఖాళీ అయ్యేది, ఆవు లేచేది.

జనం ఏసుదాసు కాళ్లకు దండం పెట్టేవాళ్లు. జున్ను గిన్నె ఆయన చేతికే వచ్చేది. సూది వేసింది నేను, జబ్బు కనిపెట్టింది నేను, పేరు మాత్రం గోవిందుడికీ ఏసుదాసుకూ. నాకు ఒళ్లు మండేది. "కిరస్తానీవి, నీకెందుకయ్యా ఈ గోవిందలు?" అని ఒకసారి అడిగేశాను.

"వాళ్ల ఇండ్లలో వాళ్ల సామిని పిలస్తా ఉండా సార్. ఆవుకైతే ఎవురైనా ఒకటే కదా," అని నవ్వేశాడు.

అది మూఢనమ్మకమని, జీతం తీసుకునే మనిషి ఇలాంటివి చేయకూడదని ఉపన్యాసం ఇచ్చాను. తల ఊపాడు. మర్నాడు ఇంకో ఊళ్లో మళ్లీ సంచి తీశాడు.

తొలిరోజు పాలు

మునెమ్మ ఆ ఊళ్లో ఎవరి ఆవు ఈనినా పిలుపు అందుకునే మనిషి. నొప్పులు పడే ఆవు ఆమె చేయి తగిలితే నిమ్మళించేది. అడ్డం తిరిగిన దూడను ఆమె సర్ది బయటికి తీయడం నేను కళ్లారా చూశాను. కాలేజీలో మాకు అది నేర్పిన మాస్టారుకు కూడా అంత నేర్పు లేదు. భర్త చెంగల్రాయుడు నెమ్మదస్తుడు. వాళ్లింట్లో ఒక్క జెర్సీ ఆవు ఉండేది, ఎర్రమ్మ అని పిలిచేవాళ్లు. దానికి ఆ ఏడాది ఈత మొదటిది కాదు గానీ ఆ ఇంటికి వచ్చాక మొదటిది.

ఆ ఇంటికి ఒక ఆనవాయితీ ఉంది. ఆవు ఈనిన రోజు, దూడ తాగగా మిగిలిన పాలు చుక్క లేకుండా పిండి, జున్ను కాచి, పొలం గట్టు మీది గంగమ్మకు పెట్టాలి. నాటావులతో తరాల తరబడి అలా చేశారు, ఏ ఇబ్బందీ రాలేదు. జెర్సీ ఆవును మొదటిరోజే అలా ఊడ్చి పిండితే పాలజ్వరాన్ని పిలిచినట్టే. ఎర్రమ్మ ఈనిన రోజు ఆ దోవన పోతూ చూసి, పొదుగు ఖాళీ చేయొద్దని చెప్పాను.

"అమ్మకు పెట్టాల కదా సామీ," అంది మునెమ్మ భయంగా.

"మీ గంగమ్మ అంత తాగుబోతా? ఈసారికి ఆగమను," అన్నాను.

చెప్పిన మాట సరైనదే. చెప్పిన తీరు చూడండి. ఒక చెంబుడు పెట్టమ్మా, మిగిలింది పొదుగులో ఉంచు అని ఉంటే సరిపోయేది. నేను వెటకారం ఆడాను. ఆమె నా చదువుకు భయపడి, ఆ రోజు గంగమ్మకు ఏమీ పెట్టలేదు.

పిండకపోయినా ఈ జబ్బు కొన్ని ఆవులకు వస్తుంది. రెండో రోజు పొద్దున చెంగల్రాయుడు ఉరుకుతూ వచ్చాడు. "సార్, ఎర్రమ్మ పడిపోయిండాది. లెయ్యలా."

పన్నెండో గింజ

మేం పోయేసరికి సగం ఊరు అక్కడే ఉంది. ఏసుదాసు సీసా వెచ్చబెట్టించాడు, సంచి మునెమ్మకు ఇచ్చాడు. నేను సూది వేశాను. గోవిందలు మొదలయ్యాయి. ఆ రోజు జనం ఎక్కువ, గొంతులు పెద్దవి. దోవన పోయే ఒక పెద్దమనిషి ఆగి, "ఏమప్పా ఏసుదాసూ, డాక్టరు కూడా నీ భజనలో చేరిపాయనే!" అని పరాచికం ఆడాడు. అందరూ నవ్వారు. అంతే, నాకు తిక్క రేగింది.

"ఆపండి. ఇది ఆస్పత్రి పనా, భజనా? ఆ గింజలు పక్కన పెట్టమ్మా. ఏసుదాసూ, సీసా ఇలా ఇచ్చి నువ్వు పోయి జనాన్ని దూరం జరుపు."

ఆయన నా ముఖం చూశాడు. "సార్, రవంత మెల్లింగా…" అన్నాడు. నేను సీసా లాక్కున్నాను. మందుకు గోవింద అక్కర్లేదని ఊరికంతా చూపించాలని, సీసాను చేయి చాచినంత పైకి ఎత్తి పట్టుకున్నాను. పైకెత్తే కొద్దీ మందు వడిగా దిగుతుంది. బుడగలు గబగబా లేస్తుంటే తృప్తిగా చూశాను. మూడు నాలుగు నిమిషాల్లో సీసా అయిపోవచ్చింది. ఎర్రమ్మ ఒక్కసారి కాళ్లు బిగదీసి, నాలుక బయటపెట్టి, పెద్దగా ఊపిరి వదిలింది. మళ్లీ తీసుకోలేదు.

కాల్షియం వడిగా ఎక్కిస్తే గుండె ఆగిపోతుంది. మెల్లగా, గుండె చప్పుడు వింటూ ఎక్కించాలి. ఇది పుస్తకంలో ఉంది. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. నా చేతికి గడియారం ఉంది, మెడలో స్టెతస్కోపు ఉంది. రెంటినీ ముట్టుకోలేదు.

మునెమ్మ ఆవు తల ఒళ్లో పెట్టుకుని కూలబడిపోయింది. "నేనే సేసినా. తల్లికి పెట్టకుండా ఉండిపోతి. తల్లి తీసకపాయ," అని రొమ్ము బాదుకుంది. నోరు తెరిచి ఒక్క మాట అనాల్సిన వాణ్ని, సామాను సర్దుకున్నాను.

మర్నాడు ఆస్పత్రిలో ఏసుదాసే అడిగాడు. "సీసా ఎంతసేపట్లో అయిపాయ సార్?"

చెప్పాను. అప్పుడు విప్పాడు. "నాకు గడియారం యాడిది సార్. మీకు ముందర, ఆ ముందర ఉండిన డాక్టరుగారు నేర్పించినాడు. ఆయన గడియారం పెట్టి సూసి, నిదానంగా నూటెనిమిది గోవిందలంటే సీసాకు సరిపోతాదని లెక్క తేల్సినాడు. పది గింజలకొకసారి గోవింద ఆపి గుండె తాకి సూడమన్నాడు. గుండె కొట్టుకునేది తప్పితే సీసా దించమన్నాడు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"మీకు తెలుసనుకున్నా సార్. పెద్ద సదువు కదా." అందులో ఎత్తిపొడుపు ఏమీ లేదు, అదే నన్ను ఎక్కువ కోసింది. ఇంకో మాట కూడా అన్నాడు. "మా పల్లెలో అయితే గింజలు ముప్పయ్యే సార్. మా ప్రార్థన రవంత పొడుగు."

నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. నేను మూఢనమ్మకమని తీసిపారేసింది ఒక డాక్టరు కట్టిన లెక్క. అయితే అది లెక్క మాత్రమే అని కూడా ఈరోజు నేను అనను. గోవింద అనేటప్పుడు జనం ఆవు మీద పడిపోకుండా దూరంగా నిలబడేవాళ్లు, దాని తల పట్టుకున్నవాడి చేయి కుదురుగా ఉండేది. ఆ ఇంటివాళ్ల ప్రాణానికి ఆ పావుగంటసేపు పట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండేది. నా స్టెతస్కోపులో అవేవీ లేవు.

మంచి పై అధికారి

చావు నివేదిక తీసుకుని చిత్తూరులో పై అధికారి దగ్గరికి పోయాను. చాలా మంచి మనిషి, కింది వాళ్లను కడుపులో పెట్టుకునేవాడు. జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన తలుపు దగ్గరగా వేసి, "జబ్బు ముదిరి చనిపోయిందని రాయి నాయనా. కొత్తలో అందరికీ జరిగేదే. ఆ అమ్మ ఎవరినీ ఏమీ అనలేదంటున్నావు కదా," అన్నాడు.

అలాగే రాశాను. నన్ను తిట్టిన అధికారులను చాలామందిని మరిచిపోయాను. ఈయన మంచితనం మాత్రం మరవలేదు, ఎందుకంటే నాకు అంతటి చెడు ఇంకెవరూ చేయలేదు. మీకు అలాంటి మంచి అధికారి దొరికితే జాగ్రత్త.

మునెమ్మ ఆ తర్వాత ఆవును పెంచలేదు. అది ఒక్కటే అయితే కొంత సర్దుకునేవాణ్నేమో. ఎవరి ఆవు ఈనుతున్నా పోవడం మానేసింది. పిలిస్తే, "నా సెయ్యి మంచిది కాదు," అని లోపలికి పోయేదట. ఆ చేయి ఎలాంటిదో నాకు తెలుసు. ఆ ఏడాదే ఒక దూడ అడ్డం తిరిగి, తల్లీ పిల్లా రెండూ పోయాయి. మునెమ్మ వీధి అవతలే ఉంది.

"ఒక మాట సెప్పిరాండి సార్," అని ఏసుదాసు రెండుసార్లు అన్నాడు. రేపు అన్నాను. రేపు అంటుండగానే చంద్రగిరి వైపు బదిలీ వచ్చింది. బస్సు ఎక్కేటప్పుడు ఆయన నా పెట్టె పైకి అందించాడు. ఆయన్ను చూడటం అదే ఆఖరు.

తొమ్మిదేళ్లు

ఆ తర్వాత ఎన్ని ఊళ్లు తిరిగినా పాలజ్వరం సీసా పట్టుకున్నప్పుడల్లా గడియారం చూస్తూనే మనసులో లెక్కపెట్టుకునేవాణ్ని. గోవింద అనేవాణ్ని కాదు, ఒకటి, రెండు అని. చెవిలో మాత్రం ఏసుదాసు గొంతు ఉండేది. నా పక్కన ఎందరో కాంపౌండర్లు పనిచేశారు, ఒక్కరూ ఆయన లాగా ఆవు రొమ్ము మీద చేయి ఆనించలేదు. ఆ చేయి అక్కడ లేని లోటు ప్రతిసారీ తెలిసేది.

ఎనభైల నడుమ చిత్తూరుకు మళ్లీ వచ్చాను. మొదటి ఆదివారమే ఏసుదాసు పల్లెకు పోయాను. పోయిన ఏడే పోయాడన్నారు. ఆయన భార్య నన్ను గుర్తుపట్టి మంచం వాల్చింది.

"మిమ్మల్నే తల్సుకుంటా ఉండె సార్. మునెమ్మ కాడికి సారు వచ్చి పోయినాడా అని ఆ ఊరోళ్లు ఎవురు కనపడినా అడగతా ఉండె. వస్తాడులే అనేవాడు."

ఇంక కూర్చోలేకపోయాను. అటు నుంచి అటే మునెమ్మ ఇంటికి పోయాను. ఆమె జుట్టు తెల్లబడింది. వాకిట్లో కసువు మోపు లేదు, పేడ వాసన లేదు. నిలబడే చెప్పాను. సీసా పైకెత్తింది, వడిగా పోసింది, నివేదికలో అబద్ధం రాసింది, అన్నీ. "నీ పాపం ఏమీ లేదమ్మా. ఆవును చంపింది నేను."

ఆమె గుండె తేలిక పడుతుందనుకున్నాను. పిచ్చివాణ్ని.

"పన్నెండో గింజ కాడ ఆపినావు," అంది. "నాకు గ్యాపకం ఉండాది." తర్వాత గొంతు లేచింది. "ఆవు పోయినందుకు కాదు సామీ. ఆవులు పోతాయి. తల్లిని తిట్టుకుంటి. ఒక్క చెంబు పాలకు నా ఎర్రమ్మను తీసకపోతివా అని నోటికొచ్చినట్టు తిడితి. ఇన్నేండ్లు జాతరకు పోలా, ఆమె మొగం సూడలా. మా ఇద్దరి నడమ నువ్వుండావని నాకేం తెలుసు?"

ఆమె కాఫీ ఇవ్వలేదు, కూర్చోమనలేదు. లోపలికి పోయి తలుపు వేసుకుంది.

అబ్బాయిలూ, అమ్మాయిలూ, తప్పు ఒప్పుకుంటే క్షమాపణ దొరుకుతుందని ఎవరైనా చెబితే నమ్మొద్దు. అయినా ఒప్పుకోండి. ఎదుటి మనిషికి ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో అయినా తెలుస్తుంది.

మిగిలిన నాలుగు

కొన్ని వారాల తర్వాత ఒక పొద్దున చెంగల్రాయుడు చిత్తూరు ఆస్పత్రికి సైకిలు మీద వచ్చాడు. "పక్కింటోళ్ల ఆవు పడిపోయిండాది సార్. ఆడుండే డాక్టరు సెలవులో ఉండాడు. మెల్లింగా ఎక్కించే డాక్టరును బిరబిరా పిల్చకరమ్మనింది మా యామె," అని తల గోక్కున్నాడు.

పోయేసరికి మునెమ్మ ఆవు తల ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. మొన్న ఈనినప్పుడు దూడను తీసింది కూడా ఆమేనని పక్కింటి అమ్మ చెప్పింది. సీసా పెట్టడానికి వెచ్చని నీళ్ల బిందె అప్పటికే సిద్ధంగా ఉంది. నేను సూది వేసి గడియారం చూసుకున్నాను.

"గోవింద సెప్పు సామీ," అంది మునెమ్మ.

"గడియారం ఉందమ్మా."

"ఆ పొద్దు కూడా ఉండె కదా."

కొంగు ముడిలోంచి ఒక గుడ్డసంచి తీసింది. రంగు పోయింది గానీ గుర్తుపట్టాను. ఆ రోజు పక్కన పెట్టమన్న సంచి. ఆమె చేతిలోనే ఉండిపోయింది, ఏసుదాసు తిరిగి అడగలేదు. ఆయన ఇంకోటి కుట్టుకుని ఉంటాడు.

ఒక చేత్తో సీసా పట్టుకున్నాను, నా గుండె ఎత్తుకు మించి లేపకుండా. రెండో చేయి ఆవు రొమ్ము మీద ఆనించాను. ఉద్యోగంలో చేరాక మొదటిసారి నోరు తెరిచి గోవిందా అన్నాను. గొంతు వింతగా వినిపించింది. నలుగురూ బదులు పలికారు. ఒక గింజ చేటలో పడింది. ఊపిరి పీల్చుకుని మళ్లీ అన్నాను. పది గింజలకొకసారి ఆగాను. నా అరచేతి కింద గుండె మొదట ఎక్కడో దూరాన ఉంది, యాభై దాటాక దగ్గరికి వచ్చింది. ఎనభై దగ్గర ఒళ్లు వణికింది. ముట్టె మీద సన్నగా చెమట. మునెమ్మ దాన్ని వేలితో తాకి చూసి, కళ్లు మూసుకుంది.

నూట నాలుగు దగ్గర సీసా ఖాళీ అయింది. సూది తీస్తుండగానే ఆవు ముందుకాళ్ల మీద ఊగి, ఒక్క ఉదుటున లేచింది. పక్కింటి అమ్మ ఏడుస్తూ నవ్వింది. ఎందుకు లేచిందో నాకు తెలుసు, రసాయనంతో సహా చెప్పగలను. అయినా నా ఒళ్లు మొదటిసారి లాగే గగుర్పొడిచింది.

"పాలు ఊడ్చి పిండారా?" అని అడిగాను.

"తల్లికి చెంబుడు పిండిచ్చినా. నేనే తీసకపోయి పెట్టొచ్చినా," అంది మునెమ్మ. "మిగిలింది పొదుగులోనే ఉండాది, నువ్వు సెప్పినట్టే."

సామాను సర్దుకోబోతుంటే సంచి చూపించింది. "ఇంకా నాలుగుండాయి సామీ."

"ఆవు లేచింది కదమ్మా. చాలు."

"ఆవుకు సాలు. ఇవి ఏసుదాసన్నకు."

"ఆయన చర్చికి పోయే మనిషి కదా."

"పోతే? మనిండ్లలో ఇన్నేండ్లు నోరారా అన్నాడు. ఆయన కోసరం నాలుగు మనం అనకూడదా?"

అన్నాను. వాళ్లూ అన్నారు. మూడు గింజలు పడ్డాయి. నాలుగోది అనబోతే, ఆయన బతికి ఉండగా ఒక్కసారి కూడా అనని మాట నోట్లోంచి వచ్చింది. "ఏసుదాసన్నా" అన్నాను.

మునెమ్మ ఆ గింజను కూడా లెక్కలో వేసింది.